గేటు కింది సందు

తెల్లారి లేవగానే వీరదుర్గ చేసే మొదటి పని తొట్టిలో ఐసు పగలగొట్టడం. ఇంట్లోవాళ్ళకి టీ పెట్టడం, వాకిలి కడగడం, దుప్పట్లు దులపడం అన్నీ ఆ తరవాతే. తలకి మఫ్లరు చుట్టుకుని, ఇంటి యజమాని యూసుఫ్ బాబా పారేసిన పాత కోటు తొడుక్కుని, వంటింటి వెనక తలుపు తీసి దొడ్లోకి దిగేది. కాళ్ళ కింద గడ్డి కరకరలాడేది. ఇనప చువ్వతో తొట్టి అంచున నాలుగు పోట్లు పొడిచి, పైన కట్టిన ఐసు పెచ్చుని రెండు చేతులా ఎత్తి గోడవార పెట్టేది. ఆ చప్పుడు వినగానే షెడ్డులోంచి బాతులు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి, తొట్టిలో ముక్కులు ముంచి, బుడబుడమని చీదేవి. బాతుకి తాగడానికి నీళ్ళుంటే చాలదు, ముక్కు మునిగేంత లోతుండాలి. లేకపోతే ముక్కు పూడుకుపోయి, కళ్ళు పుసులు కట్టి పాడైపోతుంది. ఈ సంగతి వీరదుర్గకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె పుట్టింది కొల్లేటి లంకలో, నడక నేర్చింది బాతుల మంద వెనక.

ఇది గోడకి ఇవతల సంగతి. గోడకి అవతల, బుసైతీన్ వీధిలో, జనం పల్చటి చొక్కాలతో తిరుగుతుండేవారు. బహ్రెయిన్‌లో చలికాలమంటే సాయంత్రం ఒక స్వెట్టరు, తెల్లవారుజామున ఒక దుప్పటి, అంతే. యూసుఫ్ బాబా దొడ్లో మాత్రం నీళ్ళు గడ్డకట్టేవి, ఖర్జూరపు మట్టల మీద మంచు తెల్లగా పేరుకునేది. ఎందుకంటే ఆ చలి ఈ దేశానిది కాదు, పెద్దబాతులది.

యుద్ధం ముగిసిన మరుసటేడు యూసుఫ్ బాబా తండ్రి ఏదో చలిదేశం నుంచి పెద్దబాతుల్ని చెక్కపెట్టెల్లో తెప్పించాడు. పెట్టెలు విప్పితే వాటితోపాటు వాటి చలికాలం కూడా దిగింది. ఆ ఏటి నుంచి ప్రతి డిసెంబరులోనూ వచ్చి దొడ్లో కూర్చునేది, శివరాత్రి అటూ ఇటూగా పోయేది. వీధివాళ్ళు దానికి అలవాటు పడిపోయారు. ముహర్రక్ బజారులో చేపలమ్మే హసన్ రోజూ పొద్దున్నే వచ్చి, గోడవారనున్న ఐసు పెచ్చులు బుట్టకెత్తుకుని పోయేవాడు. పక్కింటావిడ మజ్జిగ కుండ గోడమీద పెట్టి చల్లబరచుకునేది. గ్యాసు బండ తెచ్చే మనిషి గేటు దగ్గర ఆగి, సంచిలోంచి చేతి తొడుగులు తీసి వేసుకుని లోపలికొచ్చేవాడు. ఒకసారి తోటపని చేసే బాలన్న కాలివేళ్ళు చలికి నల్లబడితే సల్మానియా ఆసుపత్రికి వెళ్ళాడు. డాక్టరు ఏ ఇంట్లో పని అని అడిగి, ఇల్లు ఏదో చెప్పగానే ఇంకేమీ అడక్కుండా మందు రాసిచ్చాడు.

పెట్టెలు దిగిన వారంలోపే యూసుఫ్ బాబా తండ్రి కన్నుమూశాడు. ఆయన భార్య ఉంది, పండు ముసలిది. ఇంటి ఆడవాళ్ళని మామా అనడం అక్కడి పనివాళ్ళ అలవాటు గనక, వీరదుర్గ ఆమెని పెద్దమామా అనేది. మొదట్లో ఆ మాట నోటికి వచ్చినప్పుడల్లా మీసాలున్న తన మేనమామ కళ్ళముందు మెదిలి నవ్వొచ్చేది, ఆ తరవాత అదీ అలవాటైపోయింది. పెద్దమామాకి మొగుడి గుర్తుగా మిగిలినవి ఆ పెద్దబాతులే. రోజూ కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని వాటినే చూస్తూ తస్బీహ్ పూసలు తిప్పుకునేది.

అంతా బాగానే ఉందిగాని, వీరదుర్గ మనసు ఆ ఏడు ఒక్క చోట నిలవలేదు. ఊళ్ళో కూతురు లక్ష్మిప్రసన్న కడుపుతో ఉంది. ఉగాదికి అటో ఇటో నెలలు నిండుతాయి. ఇది రెండో కడుపు. మొదటిది ఎనిమిదో నెలలో పోయింది. అప్పుడు రమ్మని కబురు మీద కబురు వచ్చినా ఈ దొడ్డీ ఈ చలీ వదిలి వీరదుర్గ కదల్లేకపోయింది. మొగుడు పోయాక ఆమెకి మిగిలింది ఆ పిల్ల ఒక్కతే. పిల్ల పెద్దమనిషైనప్పుడు లేదు, కడుపు పోయి మంచాన పడ్డప్పుడు లేదు. ఈసారి పురుటికి తాను పక్కన లేకపోతే ఇక తల్లినని చెప్పుకోవడం దండగ అని ఆమెకి గట్టిగా అనిపించింది. అదే మాట ఫోనులో కూతురికిచ్చింది.

సెలవు అడిగితే పెద్దమామా కాదనలేదు. కాని ఒక షరతు పెట్టింది. అంతకు ముందొకసారి వీరదుర్గ జ్వరంతో పడుకుంటే పక్కింటి పనిమనిషిని బాతుల్ని చూడమన్నారు. ఆ పిల్ల పాపం శుభ్రంగా ఉంటాయని బాతులన్నిటికీ సాయంత్రం స్నానం చేయించింది. పొద్దున్నకి సగం బాతులు ఈకలు గడ్డకట్టి కొయ్యబారిపోయాయి. అందుకని చలి ఉన్నన్నాళ్ళు వీరదుర్గని వదలడానికి ముసలామెకి ధైర్యం చాల్లేదు.

"చలి వెళ్ళాక నువ్వూ వెళ్ళు. నీ పాస్‌పోర్టు నా దిండు కిందే ఉంది. చలి వెళ్ళిన రోజే నీ చేతిలో పెడతాను" అంది.

వీరదుర్గ మనసులోనే లెక్క వేసుకుంది. శివరాత్రికి చలి పోతుంది, ఉగాదికి ఇంకా టైముంటుంది, ఏం భయం లేదు. అప్పటికి నిజంగానే భయం లేదు.

మాఘమాసంలో పెద్దబాతుల్లో ముసలిది గుడ్లు పెట్టి పొదగడం మొదలెట్టింది. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. పెద్దమామా ఆనందం పట్టలేక ఇంటింటికీ హల్వా పంచింది. ఆ తరవాత ఆనందం దిగులుగా మారింది. పిల్లలు దిగుతాయా, ఈ చలికి గుడ్లు చెడిపోతాయా అని కిటికీలోంచి నిమిషానికోసారి వీరదుర్గని కేకేసేది. వీరదుర్గ షెడ్డులోకి వెళ్ళి ఆ ముసలి పెద్దబాతుని చూసింది. అది తన రొమ్ము ఈకలు తానే పీక్కుని గుడ్ల చుట్టూ పరుచుకుంది. మెడ లోపలికి లాక్కుని, ఎవరినీ నమ్మని చూపు చూస్తోంది. పొదిగే పిట్ట కూడా బాలింతేనని ఊళ్ళో ఆమె తల్లి సుబ్బాయమ్మ అనేది. అక్కడ కూతురికి చెయ్యాల్సినవన్నీ చెయ్యలేక, ఇక్కడ ఈ బాలింతకి చెయ్యడం మొదలెట్టింది.

బాలింత ఉన్న గదికి గాలి సోకకూడదు. కొల్లేటి లంకల్లో ఆడవాళ్ళు ముందు చూసేది అదే. కిటికీ రెక్కల సందుల్లో పాత చీర పేలికలు కుక్కుతారు, తలుపు కింద గోనె చుట్టి పెడతారు, మంచం కింద కుంపటి పెట్టి సాంబ్రాణి వేస్తారు. వీరదుర్గ కూడా అలాగే షెడ్డు పైన గాలి పోవడానికి వదిలిన సందులన్నీ గుడ్డలతో మూసింది. గోడలో నీళ్ళు పోయే కంతలకి అట్టముక్కలు కుక్కింది. పెద్దమామా లుబాన్ పొగ వేసుకునే మట్టిపాత్రలో నిప్పులు పోసి షెడ్డు మూల పెట్టింది. ఉడికించిన గోధుమల్లో శొంఠి, వెల్లుల్లి కలిపి తినిపించింది. చెవుల్లో దూది కూడా పెడదామనుకుందిగాని పెద్దబాతుకి చెవులెక్కడున్నాయో దొరక్క ఊరుకుంది.

చివరికి గేటు మిగిలింది. ఆ ఇనప గేటుకీ నేలకీ మధ్య జానెడు సందుండేది. పిల్లులు దానికిందనే వచ్చి పోయేవి. బాలన్న చేత జిదాఫ్స్ బజారు నుంచి గోనెసంచులు తెప్పించి, వాటిల్లో ఇసుక నింపించి, ఆ సందుని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా మూయించింది. బాలన్న జగిత్యాల వైపు మనిషి. తోటపనీ బరువులు మోయడమూ అతని డ్యూటీ. సంచులు పేర్చి చేతులు దులుపుకుంటూ, ఆడవాళ్ళ పని మొగోనికి చెప్పిందని గొణిగాడు. ఇక చీమ దూరే సందు కూడా లేదని వీరదుర్గ తృప్తి పడింది.

శివరాత్రి వెళ్ళింది. చలి పోలేదు.

రంజాను పండగ వచ్చి, చుట్టాలు వచ్చి, అత్తరు వాసనలతో ఇల్లు నిండి ఖాళీ అయింది. చలి పోలేదు. పోకపోగా ముదిరింది. అంతవరకూ తొట్టి అంచున కట్టే ఐసు ఇప్పుడు అడుగుదాకా కట్టింది. కుళాయి గొట్టం పగిలింది. మంచు మెల్లిగా దొడ్లోంచి పాకి వంటింటి మెట్టు ఎక్కింది. చల్లటి గాలి నేలబారున కదిలి గోడ దాకా వెళ్ళేది, అక్కడ ఆగి మళ్ళీ వెనక్కొచ్చేది. ఒకరోజు పొద్దున వీరదుర్గ షెడ్డు తలుపు తీసేసరికి లోపల పైకప్పు నుంచి చెమ్మ బొట్లుబొట్లుగా కారుతోంది. బాతుల ఈకలు తడిసి ముద్దయ్యాయి. ఒక బాతు కాళ్ళు తడి నేలకి అంటుకుని గడ్డకట్టి, లేవలేక రెక్కలు కొట్టుకుంటోంది. గోరువెచ్చటి నీళ్ళు పోసి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళకి వాసెలిన్ రాస్తూ కూర్చుంది. సాయంత్రానికి అది చచ్చిపోయింది.

బాతుల షెడ్డుకి పైన గాలి ఆడాలని, లేకపోతే వాటి ఊపిరే చెమ్మై వాటినే చంపుతుందని ఆమెకి తెలీదా? తెలుసు. చిన్నప్పుడు ఆమె తండ్రి వానాకాలంలో కూడా పాక కప్పు కింద మూరెడు సందు వదిలేవాడు. కాని ఆ రోజుల్లో వీరదుర్గలోని బాతుల మనిషి ఒకటి చెబుతుంటే తల్లి ఇంకోటి చేస్తుండేది. చలి పెరిగినకొద్దీ ఇంకెక్కడో సందు మిగిలిపోయిందనే అనుకునేది. వెతికి వెతికి మూసేది. తన పాత చీరలన్నీ అయిపోతే దుప్పటి చింపింది.

బాలన్న ఒకసారి చెప్పనే చెప్పాడు. "అక్కా, నువ్వు ఎంత మూస్తున్నవో గంత వెరుగుతున్నది గద సలి. నీకు అవుపడ్తలేదా?"

"పురిటిగది సంగతి మొగోడివి నీకేం తెల్సు? నువ్వెల్లి మొక్కలకి నీళ్ళు పొయ్యి" అంది వీరదుర్గ.

"నీళ్ళేడున్నయే, అంత ఐసే" అని నవ్వుకుంటూ పోయాడు బాలన్న. ఆమెకి నవ్వు రాలేదు.

శుక్రవారం శుక్రవారం వీధి చివర పెట్టెలో కార్డు దూర్చి ఊరికి ఫోను చేసేది. ఫోను ఊళ్ళో కిరాణా కొట్లో ఉండేది. కొట్టువాడు కేకేస్తే లక్ష్మిప్రసన్న వచ్చేదాకా కార్డు తరిగిపోతుంటే ఆమె ప్రాణం కూడా అలాగే తరిగిపోతున్నట్టుండేది. ఆ వారం కూతురు ఆయాసపడుతూ వచ్చింది.

"ఎప్పుడొస్తావమ్మా?"

"చలి పోగానే వచ్చేత్తానే."

"ఇక్కడ ఎండలు కాసేస్తున్నయ్యి."

"ఇక్కడింకా పోలేదే అమ్మా. ఏం చెయ్యను."

లక్ష్మిప్రసన్న నెమ్మదిగా అంది. "పోయినసారి కూడా ఇలాగే అన్నావు."

ఆ మాట దగ్గరే కార్డు అయిపోయింది. ఇంటికి తిరిగొస్తూ దారంతా ఏడ్చింది. గోడకి అవతల ఎండ చిటచిటలాడుతోంది. మనుషులు చొక్కా చేతులు మడుచుకుని తిరుగుతున్నారు. గోడకి ఇవతల అడుగు పెడితే ముక్కు చివర మొద్దుబారుతోంది. ఒక్క గోడ మందం తేడా, అంతే. పెద్దమామా కాళ్ళమీద పడి చూసింది. ముసలామె కూడా కళ్ళనీళ్ళు పెట్టుకుందిగాని, ఈ చలిలో నువ్వు వెళితే నా పిట్టలు బతకవు అనే మాట మీదే నిలబడింది. యూసుఫ్ బాబా అయితే అమ్మ మాటకి తాను అడ్డు రానని చేతులెత్తేశాడు. వీరదుర్గ ఆ వారమంతా అన్నం సహించక టీలతో గడిపింది. రాత్రీ పగలూ ఒకటే లెక్క. చైత్రం ఎప్పుడు, ఇవాళ ఏ వారం.

ఒకరోజు పొద్దున చేపల హసన్ మామూలుగా వచ్చి, గేటు తెరుచుకోక, గోడమీంచి తల పెట్టి పిలిచాడు. ఇసుక సంచులకి మంచు పట్టి గేటు బిగుసుకుపోయింది. వీరదుర్గ ఐసు పెచ్చులు గోడమీంచి ఒక్కొక్కటే అందిస్తుంటే, అతను బుట్టలో సర్దుకుంటూ తన వచ్చీరాని హిందీలో గొణుక్కున్నాడు. ఈసారి సాఫీ చేపలు ఒడ్డుకి రాలేదట. రోజూ వల పట్టుకుని వీధి చివర కూర్చోవడమే అవుతోందట. ఇంతకీ మీ చలిని ఎందుకు ఆపేశారు అన్నాడు.

వీరదుర్గకి అర్థం కాలేదు. మేమేం ఆపాం అంది.

హసన్ ఆమె వంక వింతగా చూశాడు. "ఏటా అది ఈ గేటు కిందనుంచే కదా బయటికొచ్చేది? వీధి వెంబడి పోయి సముద్రంలో దిగుతుంది. అది దిగిన రోజే మాకు చేపలు. చలి గోడ ఎక్కలేదు, నేలమీద పాకేది. మీరేమో సంచులు పెట్టారు."

నిజానికి ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు. ఏటా ఒక మధ్యాహ్నం వీధిలో చల్లటిదేదో నేలబారున పోవడం, టీ కొట్టు ముందు కూర్చున్నవాళ్ళు కాళ్ళు పైకి పెట్టుకోవడం, పిల్లులు గోడెక్కడం వాళ్ళకి మామూలే. వీరదుర్గ మాత్రం ఆ వేళకి మేడ మీద పెద్దమామా కాళ్ళు పడుతూ ఉండేది. చలి పోయిందని తెలియడమేగాని, ఎటు పోయిందో ఎప్పుడూ చూడలేదు. ఆమెకి తెలిసే ఉంటుందనుకుని ఎవరూ చెప్పలేదు.

చేతిలో ఉన్న ఐసు పెచ్చు జారి కాళ్ళ దగ్గర పగిలింది. గోడ దాకా వెళ్ళి వెనక్కొచ్చే గాలి గుర్తొచ్చింది. పాపం అది రోజూ పోదామనే చూసింది. తానే చేతులారా దాన్ని లోపల పెట్టి, బయటికి పో బయటికి పో అని దేవుళ్ళకి మొక్కుకుంది. తన సెలవుకి తానే అడ్డం పడింది. వీరదుర్గకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ వెంటనే ఇంకో భయం పట్టుకుంది. గుడ్లు ఇవాళో రేపో పగిలేలా ఉన్నాయి. ఇప్పుడు సందులు తెరిస్తే, గాలి సోకితే? పచ్చి బాలింతకి గాలి సోకిందంటే ఇక అంతే అనే మాట ఆమె నెత్తుట్లో ఉంది. షెడ్డు దగ్గరికి వెళ్ళి ముసలి పెద్దబాతు ముందు చతికిలబడింది. అది నోరు తెరుచుకుని రొప్పుతోంది. దాని వెనక గోడ చెమ్మకి నల్లబడింది. వీరదుర్గ దాని కళ్ళల్లోకి కాసేపు చూసి, లేచి, పైసందులోంచి మొదటి గుడ్డ పీకేసింది.

తరవాత ఆగలేదు. గుడ్డలూ అట్టలూ పేలికలూ అన్నీ లాగేసింది. బాలన్నని కేకేసి గడ్డపార తెమ్మంది. ఇద్దరూ కలిసి గేటు కింద బిగుసుకున్న సంచుల్ని ఒక్కొక్కటే పెళ్ళగించారు. ఆఖరి సంచి కదిలేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

ముందు ఏమీ జరగలేదు. వీరదుర్గ గేటు పక్కనే గోడకి ఆనుకుని నిలబడింది. ఆ తరవాత కాళ్ళకి తగిలింది. పాదాల మీంచి చల్లగా, బరువుగా, తొందరేమీ లేకుండా, బాతుల మంద పొలం గట్టు దాటినట్టు వరసగా దాటుకుంటూ పోయింది. చాలాసేపు పోయింది. బాలన్న ఒక కాలు ఎత్తి నిలబడి, "జర్రంత జరుగక్కా, పోనియ్యి" అన్నాడు. వీధిలో పిల్లులు గోడెక్కాయి. టీ కొట్టు ముందు ముసలాళ్ళు మాటలు ఆపకుండానే కాళ్ళు బెంచీల మీదికి తీసుకున్నారు. హసన్ బుట్ట అక్కడే వదిలేసి వల తేవడానికి పరిగెత్తాడు. తిరిగి చూస్తే ఖర్జూరపు మట్టల నుంచి మంచు నీళ్ళై కారుతోంది. షెడ్డులో ముసలి పెద్దబాతు లేచి నిలబడి రెక్కలు విదిల్చింది. దాని కింద ఒక గుడ్డుకి నెర్రె పడి ఉంది.

పెద్దమామా కిటికీలోంచి అంతా చూసింది. మెట్లు దిగి వచ్చి, కుంకుమపువ్వు వాసనేసే చేత్తో పాస్‌పోర్టు వీరదుర్గ చేతిలో పెట్టి, "ఖలాస్, రూహీ" అంది. అయిపోయింది, వెళ్ళు అని.

బొంబాయిలో విమానం దిగి, రైలెక్కి, ఏలూరులో బస్సు పట్టుకుని, వీరదుర్గ ఆఖరికి కొల్లేట్లో దోనె ఎక్కింది. ఉగాది వెళ్ళిపోయింది. దోనె తోసేవాడు ఏవో ఊరి కబుర్లు చెబుతుంటే ఆమె చెవి పెట్టలేదు. కూతురి గురించి అతను చెప్పకూడనిది ఏదన్నా చెబుతాడేమోనని భయం.

ఇంటి ముందు సుబ్బాయమ్మ ఎదురొచ్చింది. లక్ష్మిప్రసన్న మొన్న ప్రసవించిందని, ఆడపిల్ల అని, పిల్ల బాగానే ఉందని చెప్పింది. బాలింత సంగతి చెప్పలేదు. వీరదుర్గ పెట్టె వాకిట్లోనే పడేసింది.

"ప్రసన్న ఏదే?"

"లోపలుంది. నిన్నటేల నించీ సలి జొరం. ఎన్ని దుప్పట్లు కప్పినా వణుకు ఆగట్లేదు. డాక్టరొచ్చి సూదేసి ఎల్లాడు. సాయంత్రానికి తగ్గకపోతే ఏలూరు తీసుకుపొమ్మన్నాడు." సుబ్బాయమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఎక్కడా గాలి సొరకుండా అన్నీ మూసేనే. ఎక్కణ్నించి వస్తందో తెలీట్లేదు."

వీరదుర్గ తలుపు తోసింది. లోపల చీకటి, సాంబ్రాణి పొగ, మంచం కింద కుంపటి. కిటికీ సందుల్లో చీర పేలికలు కుక్కి ఉన్నాయి. అవి తాను పెళ్ళికి ముందు కట్టిన చీరలవి. పుట్టిన పిల్ల గంపలో నిద్రపోతోంది. మంచం మీద బొంతలూ దుప్పట్లూ గుట్టగా ఉన్నాయి, ఆ గుట్ట వణుకుతోంది. చైత్రమాసపు ఎండలో బయట నేల కాలిపోతోంటే ఆ గదిలో లక్ష్మిప్రసన్న పళ్ళు టకటకమని కొట్టుకుంటున్నాయి. వీరదుర్గ వంగి నుదురు తాకింది. మొహం మాత్రం నిప్పులా ఉంది. పెదాలు నల్లబడ్డాయి. ఆలస్యంగానే వచ్చాను అనుకుంది. రావాల్సినప్పుడు రాలేదు, వచ్చి కూడా ఏమీ చెయ్యలేకపోతోంది. అక్కడే నేలమీద కూలబడింది.

కూలబడితే తలుపు కింద చుట్టి పెట్టిన గోనె కనిపించింది.

లేచి ఆ గోనె తీసి వాకిట్లోకి విసిరేసింది. కిటికీ దగ్గరికి వెళ్ళి పేలికలు పీకి, రెక్కలు రెండూ బార్లా తెరిచింది. సుబ్బాయమ్మ గుండెలు బాదుకుంటూ లోపలికి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "నీకేమన్నా మతి పోయిందేంటే? పచ్చి బాలింత. గాలి కొడతాది."

"లోపలికి రావటానికి కాదమ్మా" అంది వీరదుర్గ. "బయటికి పోవటానికి."

తల్లి చెయ్యి నెమ్మదిగా విడిపించుకుని, తలుపు పక్కన గోడకానుకుని కింద కూర్చుని కాళ్ళు చాపుకుంది. సుబ్బాయమ్మ కూతురి మొహంలో ఏం చూసిందో, వాకిట్లోకి పోయి చేట ముందు కూర్చుంది. ఎండ కిటికీలోంచి వచ్చి మంచం కోడు మీద పడింది. దుప్పట్ల గుట్ట వణుకుతూనే ఉంది. కాలవలో ఎవరివో బాతులు అరుస్తున్నాయి. వీరదుర్గ తన పాదాలనే చూసుకుంటోంది. పోతుందో పోదో తెలీదు. పోవే తల్లీ, దారి తీశాను, పో అని లోలోపలే బతిమాలుకుంది.

చాలాసేపటికి పాదాల మీద చల్లగా తగిలింది.

బుసైతీన్‌లోలా అంత బరువుగా లేదు, చిన్నది. తడి గుడ్డ ఈడ్చినట్టు పాదాల మీంచి జారి, గడప దాటి, వాకిట్లోకి దిగింది. చేట ముందు కూర్చున్న సుబ్బాయమ్మ కొంగు భుజాల మీదికి లాక్కుని, ఒక కాలు పక్కకి తీసి దారి ఇచ్చి, మళ్ళీ బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ ఉండిపోయింది. అరుగు మీది పిల్లి లేచి గోడెక్కింది. కాలవలో బాతులు ఒక్కసారిగా అరుపు ఆపి, తలలెత్తి, కొల్లేటి వైపు చూశాయి.

మంచం మీద కదలిక వినిపించి వీరదుర్గ తల తిప్పింది. లక్ష్మిప్రసన్న దుప్పట్లలోంచి ఒక చెయ్యి బయట పెట్టింది. మొహమంతా చెమట పట్టి మెరుస్తోంది. కళ్ళు తెరిచి తల్లిని చూసి, ఎప్పుడొచ్చావని గాని, ఇన్నాళ్ళేం చేశావని గాని అడగలేదు.

"ఉక్కబోస్తోందమ్మా" అంది. "ఈ బొంతలు తియ్యి."

వీరదుర్గ లేచి బొంతలన్నీ ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి, గోడకి తగిలించిన తాటాకు విసనకర్ర అందుకుంది.